నాలుగ్గంటల గడి

ఆ రోజుల్లో నా దస్తూరి మీద ఉన్నంత శ్రద్ధ నా పని మీద కూడా ఉండుంటే ఇప్పుడిది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరాను. పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన మాచవరం మామ్మను నాకు అప్పగించారు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒత్తిడికి నడుము కింద పుండు పడుతుంది. మార్చినప్పుడల్లా మంచానికి వేలాడే చార్టులో రాసి సంతకం పెట్టాలి. నేను పొద్దున డ్యూటీ ఎక్కగానే సాయంత్రం దాకా గడులన్నీ ఒక్కసారే నింపేసేవాణ్ణి (చూడ్డానికి ముచ్చటగా ఉండేది). మామ్మను తిప్పడం మాత్రం తీరిక దొరికినప్పుడే.

ఒకరోజు పదకొండింటికి మామ్మ పిలిచింది. "ఒరేయ్ అబ్బాయ్, నన్ను తిప్పవేందిరా? కల్లంలో మిరపకాయల్ని తిరగెయ్యకపోతే అడుగున బూజు పట్టుద్ది, తెలుసా?"

"తిప్పాను మామ్మా, ఇదిగో, రాసుంది."

"ఏం రాశావో చదువు."

చదివాను. ఊపులో "రెండింటికి ఎడమ పక్క, నాలుగింటికి కుడి పక్క" అని చివరిదాకా చదివేశాను.

"ఇంకా అన్నమే తిన్లేదు, నాలుగింటి సంగతి అప్పుడే తెలిసిందా? నీకీ ఆసుపత్రి ఎందుకురా, మా ఊరొచ్చి సోదె చెప్పుకో. చానామంది వస్తారు."

నవ్వేసి వేరే వార్డుకు వెళ్లిపోయాను. మళ్లీ ఆ మంచం దగ్గరికి రాలేదు. ఐదింటికి హెడ్ సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని వచ్చి మామ్మను తనే పక్కకు తిప్పింది. నడుము కింద రేగుపండంత ఎరుపు. వేలితో నొక్కి వదిలినా తెల్లబడలేదు. పుండుకు అది మొదటి మెట్టు. నా చార్టేమో అద్దంలా ఉంది. దాంతో ఆవిడ పక్కనే ఉన్న మామ్మ కూతురి మీద పడింది. "అతను తిప్పిపోతే నువ్వు మళ్లీ వెల్లకిలా వేస్తున్నావా? రేపట్నుంచి మంచం దగ్గరికి రావద్దు." ఆమె తలవంచుకుంది. నేను చార్టును మంచానికి సరిగ్గా తగిలించాను.

"దాన్నేమీ అనమాకమ్మా. నేనే దొర్లా," అంది మామ్మ.

హెడ్ సిస్టర్ ఆ కదలని కాలు వంక చూసింది, తర్వాత చార్టు వంక, తర్వాత నా వంక. నేను కిటికీలోంచి బస్టాండు వంక చూశాను.

మర్నాటినుంచి గడియారం చూసుకుని తిప్పాను. ఎరుపు నాలుగైదు రోజుల్లో తగ్గింది. ఇప్పుడు కొత్త నర్సులకు ఈ పాఠం చెప్పేది నేనే. ఆ ఎరుపును మొదట కనిపెట్టింది నేనేనని వాళ్లలో ఒక కథ ఉంది, ఇన్నాళ్లూ నేను కాదనలేదు. ఆ రోజు నా బదులు తిట్లు తిన్న మాచవరం అక్కా, ఇది మీ కంట పడితే వినండి: మీరు మళ్లీ వెల్లకిలా వెయ్యలేదు. అసలు నేను తిప్పితే కదా.

మొన్న మధ్యాహ్నం వార్డులో ఒక పెద్దాయన మంచం దగ్గర కొత్తమ్మాయి రాసిన చార్టు చూశాను. నాలుగ్గంటల గడి అప్పుడే నిండి ఉంది. సోదె ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడగబోయి ఆగాను. "పట్టు, ముందు పెద్దాయన్ని తిప్పుదాం," అన్నాను. ఒప్పుకోక తప్పదు, ఆ అమ్మాయి దస్తూరి నాకన్నా బాగుంది.