అనుమానం ప్లీడరు, ఆయన గుమాస్తా

ప్లీడరు గారు పోయిన మర్నాడు పార్లమెంటులో సభ్యులంతా లేచి నిలబడ్డారు. నమ్మకానికి ఆయన మారుపేరని ఎవరో పొగిడారు. ఆ మాట పేపర్లో చదివి గుమాస్తా చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు, మధ్యలో నవ్వుకున్నాడు కూడా. ఆయన వింటే ఆ పొగిడిన పెద్దమనిషిని నిలబెట్టి, నమ్మకమంటే మీ ఉద్దేశం ఏమిటని నాలుగు అడ్డప్రశ్నలు వేసేవాడు.

కోర్టు ఆవరణలో సగంమందికి ఆయన అసలు పేరు తెలియదు. అందరికీ అనుమానం ప్లీడరే. సూర్యుడు తూర్పున పొడిచాడంటే చూసిన సాక్షి ఎవరని అడిగే రకమని బెంచి గుమాస్తాలు చెప్పుకునేవారు. ఆయన గుమాస్తా మాత్రం ఆ నవ్వుల్లో కలిసేవాడు కాదు. ఆ అనుమానమే రెండిళ్ళకు కూడు పెడుతోందని అతనికి తెలుసు.

అది పుట్టుకతో వచ్చిందేమీ కాదు. ఆయన తండ్రి కోర్టు మెట్ల పక్కన టైపు మెషీను పెట్టుకుని ఊరందరి అర్జీలూ కొట్టేవాడు. పరుల కాగితాలన్నీ అక్షరం పొల్లుపోకుండా చదివే ఆ మనిషి, ఇంటి యజమాని నవ్వుతూ చేతికిచ్చిన కాగితాన్ని మాత్రం చదవకుండా సంతకం పెట్టాడు. మూడు నెలలకు మంచాలూ గిన్నెలూ వీధిలో పడ్డాయి. విషమంతా చివరి పేరాలో ఉంది. అందుకే కొడుకు ప్లీడరయ్యాక ఏ కాగితాన్నైనా చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివేవాడు. గుమాస్తా ఎదురుగా కూర్చుని అలాగే చదివి వినిపించాలి. కొత్తలో అతనికి తల తిరిగేది. ఏడాది గడిచేసరికి ఇంట్లో పేపరు కూడా వెనకనుంచే చదవడం మొదలుపెట్టాడు. పెళ్ళినాడు మూడోముడి నుంచి మొదలుపెట్టలేదు, అదే నయమని భార్య దెప్పేది.

ప్లీడరు గారివి ఎక్కువగా అద్దె ఇళ్ళవాళ్ళ కేసులు. ఓడినవి తక్కువ. యాభయ్యో ఏట ఆ అద్దెవాళ్ళే సంఘంగా ఏర్పడి, పట్టుబట్టి ఆయన్ను పార్లమెంటుకు నిలబెట్టారు. నాలుగొందల చిల్లర ఓట్ల తేడాతో గెలిచాడు. గెలిచినవాడే రీకౌంటింగ్ అడగడం ఎన్నికల అధికారులు అంతకుముందు చూసి ఉండరు. మళ్ళీ లెక్కపెడితే తొమ్మిది ఓట్లు పెరిగాయి. ఆ తొమ్మిదీ ఎక్కడివని వారం రోజులు నిద్రపోలేదాయన.

రాజధానిలో మూడు గదుల క్వార్టరు ఇచ్చారు. సభ జరిగినన్నాళ్ళూ ప్లీడరు గారు, ఆయన భార్య, గుమాస్తా అక్కడే ఉండేవారు. ముందుగది ఆఫీసు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఇనప బీరువా. బీరువాకు రెండు తాళంచెవులు. ఒకటి ఆయన జేబులో, రెండోది గుమాస్తా మొలతాడుకు. ప్లీడరు గారి భార్య గుమాస్తాను తమ్ముడూ అని పిలిచేది, అతనికి ఆవిడ అక్కయ్యగారు. ఆ వరసన ఆయన సరదాగా ఉన్నప్పుడు, ఏం బావమరిదీ అనేవాడు. కోపంగా ఉంటే, మీ తమ్ముణ్ణి రమ్మను అని భార్యతో కబురు.

రెండో ఏడు అద్దె ఇళ్ళ బిల్లు వచ్చింది. ఇల్లు శిథిలమైందని ఇంజనీరు రాసిస్తే చాలు, అద్దెవాళ్ళు నెలలో ఖాళీ చెయ్యాలి. ఆ ఇంజనీరును పెట్టుకునేది యజమాని. ఈ సంగతి బిల్లు చివరన, చిన్న అక్షరాల్లో ఉంది. వెనకనుంచి చదివే ఇద్దరికీ మొదట కనబడింది అదే. ఇంజనీరును యజమాని కాదు, కోర్టు నియమించాలని ప్లీడరు గారు సవరణ రాశాడు. రాసింది ఒక్క వాక్యం. అసలు దెబ్బ వేరే దాచుకున్నాడు. పదేళ్ళ కిందట శిథిలమని రాసిచ్చి ఖాళీ చేయించిన నలభై ఒక్క ఇళ్ళు ఇప్పటికీ నిక్షేపంగా నిలబడి ఉన్నాయి, రెట్టింపు అద్దెలకు. ఆ జాబితా ఇద్దరూ కలిసి ఆరు వారాలు తిరిగి కూడగట్టారు. ముందు మంత్రి చేత అలాంటి ఇల్లు ఒక్కటీ లేదనిపించాలి, తర్వాత జాబితా తియ్యాలి. కోర్టులో సాక్షిని పడగొట్టే పాత ఎత్తే.

ఆ రోజు ప్లీడరు గారు నోరు తెరవకముందే మంత్రి లేచాడు. గౌరవ సభ్యులు ప్రస్తావించబోయే నలభై ఒక్క ఇళ్ళ గురించి అంటూ మొదలుపెట్టి, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా మరమ్మతులు జరిగిన తేదీలన్నీ చదివేశాడు. సవరణ వీగిపోయింది. పైన సందర్శకుల వరండాలో కూర్చున్న గుమాస్తాకు, ప్లీడరు గారు మంత్రి వైపు కాకుండా తల ఎత్తి తన వైపు చూడటం కనబడింది.

జాబితా సంగతి తెలిసింది ఆ క్వార్టరులో ఉండే ముగ్గురికే.

ఆ సాయంత్రం ఆయన మామూలుగానే అడిగాడు, సోమవారం మధ్యాహ్నం ఎక్కడికి వెళ్ళావని. సవరణ నోటీసు ఇవ్వడానికి సభ ఆఫీసుకు వెళ్ళానన్నాడు గుమాస్తా. తిరిగి వచ్చేసరికి ఎంతయింది, దారిలో ఎవరు కలిశారు, ఆ మంత్రి పేషీలో మీ ఊరివాడు ఒకడున్నాడన్నావు కదా, వాడు బాగున్నాడా? ఒక ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వస్తుందో గుమాస్తాకు ముందే తెలుస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్నలు సాపు రాసింది అతనే. చివరి ప్రశ్న కూడా తెలుసు. ఆయన దాన్ని అడగకుండా వదిలేశాడు. సాక్షి అబద్ధమాడుతున్నాడని తేలిపోయాకే ఆయన అలా వదిలేసేవాడు.

మర్నాడు ఆయన గుమాస్తా దగ్గరున్న తాళంచెవి అడిగి తీసుకున్నాడు. తన తాళంచెవి అరిగిందట. కాగితాలు తనే చదువుకోవడం మొదలుపెట్టాడు. గుమాస్తా గదిలోకి వస్తే చేతిలోది బోర్లించేవాడు. ఆ జబ్బు గుమాస్తాకూ అంటుకుంది. ప్లీడరు గారి కారు డ్రైవరు ఫోనులో గొంతు తగ్గిస్తే చెవి రిక్కించేవాడు. చివరికి ఒకరోజు అక్కయ్యగారు చెల్లెలితో మాట్లాడుతుంటే తలుపు వెనక నిలబడిపోయాడు. ఆవిడ చూసింది. నువ్వు కూడానా తమ్ముడూ అన్నట్టున్న ఆ చూపుకు అతను సిగ్గుతో భూమిలోకి కుంగిపోయాడు.

పదో రోజున ఊరినుంచి అద్దెవాళ్ళ సంఘం పెద్దలు వచ్చారు. అంత జాబితా బయటికెలా పొక్కిందని అడిగారు. గుమాస్తా వాళ్ళకు మంచినీళ్ళు అందిస్తున్నాడు. ప్లీడరు గారు అతని వైపు చూడకుండానే అన్నాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

గుమాస్తా గ్లాసులన్నీ ఇచ్చాడు. ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. సంచి సర్దుకుని మధ్యాహ్నం బండికి ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్తానని చెప్పినప్పుడు ఆయన ఊఁ అన్నాడు, అంతే.

ఊళ్ళో మాట అతనికంటే ముందే దిగింది. సంఘం పెద్దలు ఎదురైతే పలకరింపు తగ్గింది. కోర్టులో వేరే ప్లీడరు దగ్గర చేరదామని వెళ్తే, ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. గుమాస్తాకు ఉన్న ఆస్తల్లా నోరు జారనివాడన్న పేరు. అది పోతే ఆ ఆవరణలో అతనికి కుర్చీ వేసేవాడుండడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని మరదలు అంటే, అతని భార్య ఆవిడతో మాటలు మానేసింది.

మూడో వారంలో ఒక ఆదివారం ఉదయం ప్లీడరు గారు గుమాస్తా ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. గుమాస్తా భార్య కూర్చోండి అన్నయ్యగారూ అంది. ఆ గొంతులో మర్యాద ఎక్కువ, ఆప్యాయత తక్కువ. ఆయన కూర్చోలేదు. నిలబడే, వాదన వినిపించినట్టు చెప్పుకొచ్చాడు.

ఇంకో బిల్లుకు సవరణ ఇవ్వడానికి మొన్న తనే సభ ఆఫీసుకు వెళ్ళాడట. అక్కడ పనిచేసే ఆవిడ నోటీసును అటూ ఇటూ తిప్పి చూసిందట. ఈసారి వెనక కాగితాలు లేవేమిటండీ, పోయినసారి కారణాలన్నీ ఎంతో వివరంగా రాశారని మంత్రిగారి పేషీ వాళ్ళు మెచ్చుకున్నారు అందట. నోటీసు కాపీ మంత్రికి వెళ్ళడం అక్కడి రివాజు. వెనక ఏది గుచ్చి ఉంటే అదీ వెళ్తుంది.

గుమాస్తాకు అప్పుడు గుర్తుకొచ్చింది. సవరణ ఒక వాక్యం. ఆయన తన ఉపన్యాసం కోసం చెప్పి రాయించుకున్న కారణాలు, జాబితాతో కలిపి రెండు కాగితాలు. కోర్టులో పిటిషన్ వెనక అఫిడవిట్ ఉండి తీరాలి. ఆ అలవాటుకొద్దీ చెయ్యి ఆ రెండింటినీ నోటీసు వెనక గుచ్చేసింది.

"గుచ్చింది నేనేనండీ" అన్నాడు.

"సంతకం పెట్టింది నేను. రెండు కాగితాల కిందా పెట్టాను" అన్నాడాయన. "అఫిడవిట్ లేని పిటిషన్ మన చేతుల మీదుగా ఎప్పుడైనా వెళ్ళిందిటోయ్?"

సంఘం పెద్దలందరి ఇళ్ళకూ పొద్దున్నే వెళ్ళి, దొంగను నేనేనని చెప్పి వచ్చానన్నాడు. గుమాస్తా ఆ మొహాన్ని పరీక్షగా చూశాడు. ఇది నిజంగా తన కోసమా, లేక అక్కడ కాగితాలు పేరుకుపోయి చేతులు ఆడకనా? ఇదివరకైతే అలాంటి ఆలోచన వచ్చేదే కాదు.

"పని ఆగిపోయి వచ్చారా?" అని అడిగేశాడు. అలా అడగడం అదే మొదలు.

"ఆగింది. అందుకు రాలేదు."

గుమాస్తా భార్య లోపలికి వెళ్ళి కాఫీ పెట్టింది. ఆయన అప్పుడు కూర్చున్నాడు. కాఫీ సగం తాగాక, గ్లాసులోకి చూస్తూ, రేపు పొద్దున బండికి నాతో వస్తావా అన్నాడు.

"రేపు కుదరదండీ. ఎల్లుండి వస్తాను" అన్నాడు గుమాస్తా.

మర్నాడు అతనికి ఏ పనీ లేదు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. ఏం పని అని ప్లీడరు గారు అడగలేదు.