మామ వేసిన తట్ట బొమ్మ

మొన్న వర్లిలో మా మనవరాలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, కింద ఉన్న వ్యాసం నన్నే చదవమంది. ముసలితనంలో నేర్చిన చదువు కదా, కూడబలుక్కుని చదివాను. బొమ్మ మా మేనమామ వేసింది. నెత్తిన ఇసుక తట్టతో నిలబడ్డ కామాటి ఆడమనిషి. ఆమె మెడ వంపులో, నవ్వులో పాత గుళ్ల శిల్పాల ప్రభావం ఉందట. రాసినాయనకు గుళ్లు తెలుసేమో కానీ, ఫోరస్ రోడ్డు మంగలి దుకాణంలోని క్యాలెండర్ తెలియదు.

ఆ బొమ్మ కోసం నిలబడింది మా అమ్మ. ఎనభైల్లో, బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, కామాటిపురలో మా ఒంటిగదుల చాల్ వరండాలో నాలుగు ఆదివారాలు నిలబడింది. వారమంతా మేస్త్రీ దగ్గర తట్టలు మోసి, సెలవునాడు తమ్ముడి కోసం మళ్లీ తట్టెత్తుకుంది. మా ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. తన ముఖం ఒక్కచోటైనా ఉండాలని ఆమె ఆశ. మామ రంగులో టర్పెంటైన్ ఎక్కువ పోసి, చీర మడతలను బొటనవేలితో రుద్దేవాడు. ఆ వాసనకు మా అన్నం కూడా చేదెక్కేది. పనితనం లేదని నేననను. చీర మీది సున్నపు మరకలు సైతం దింపాడు.

మొదటి ఆదివారమే అమ్మ అంది: "ఖాళీ తట్టరా ఇది. మెడ ఎట్ల బిగుస్తది? జర ఇసుక పొయ్యి."

"బరువు కనబడితె బొమ్మ ఖరాబైతది అక్కా. నువ్వు చుప్ నిలబడు."

"మోసేటోళ్ల బొమ్మల బరువు లేకుంటె ఇంకేముంటదిరా, నీ తలకాయ."

ముఖం చివర్న వేస్తానన్నాడు. వేశాడు. మంగలి దుకాణం నుంచి క్యాలెండర్ తెచ్చి, అందులో నగలు పెట్టుకుని నవ్వే అమ్మాయి ముఖం మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గడికి గడి దింపేశాడు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"ఎవల్‌రా ఈ పోరి? నా చీర కట్టుకున్నది."

"నీ మొఖం పెడితె ఎవలు కొంటరక్కా," అన్నాడు నవ్వుతూ. ఆనాటి నుంచి అమ్మ తమ్ముడికి చాయ్ పొయ్యలేదు.

రెండేళ్లకు అమ్మ పోయింది. పదో రోజున దండ వేయడానికి పటం లేదు. అభిమానం చంపుకుని మామ దగ్గరికి వెళ్లి, అమ్మ ముఖం గీసిమ్మన్నాను. బొగ్గుతో కొప్పు గీశాడు, చెవి గీశాడు, అక్కడ ఆగిపోయాడు.

"ముక్కు ఎట్లుండె బిడ్డా?" అని నన్నడిగాడు.

నాలుగు ఆదివారాలు ఎదురుగా నిలబెట్టుకుని చీరను చూశాడు, అక్కను చూడలేదు. ఇప్పుడు ఆయనా లేడు. కాలం అన్నీ మాన్పుతుందంటారు. నా దగ్గర మాత్రం అది అమ్మ ముక్కును కొద్దికొద్దిగా చెరిపేసింది, మామ అడిగిన ఆ ప్రశ్నను ముట్టుకోలేదు.