చిల్గోజా చెట్టుకు నీళ్ళు పోయకండి

చెట్టును చూడాలంటే మనిషే చెట్టు దగ్గరికి పోవాలి. లోకంలో ఉన్న పద్ధతి అది. ఈ ముక్క మా మామకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "నా కండ్లు గిట్ల పోతుంటె అంత దూరం నేనేడ పోత? నువ్వే తే పో" అన్నాడు.

మామ అంటే మా అమ్మకు అన్న, రాజలింగం. కార్వాన్‌లో ఆయనకు మేవా దుకాణం. బాదం, పిస్తా, అక్రోటు, వాటి పక్కన చిల్గోజాలు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చిల్గోజా సన్నగా, పొడుగ్గా, గోధుమరంగు పెంకుతో ఉంటుంది. వేయించి ఒలుచుకుంటే లోపలి పప్పు వెన్నలా కరుగుతుంది. చలికాలంలో పఠాన్లు మూటల్లో మోసుకొస్తారు. బతుకంతా వాటిని అమ్మిన మామ ఆ చెట్టెలా ఉంటుందో ఎరగడు. ఈ ఏడు ఆయన కళ్ళకు మసక కమ్మింది. చేసేదేమీ లేదనీ, వచ్చే ఎండాకాలానికి వెలుతురు కూడా తెలియదనీ డాక్టరు చెప్పాడు. చూపు పోయేవాళ్ళు కాశీ చూస్తామంటారు, తిరుపతి చూస్తామంటారు. మా మామ చిల్గోజా చెట్టు చూస్తానన్నాడు!

నాకేమో గౌలిపురలో బర్రెలు. పాలు పిండాలి, ఇళ్ళకు పోయాలి. వాటినెవరు చూస్తారంటే మా ఇంటామె, "నేను జూస్తగాని పోయిరా. ఒక్కటడిగిండు మామ, గది గూడ తేవా?" అంది. ఇంట్లో ఇద్దరు ఒకటైతే మూడోవాడు రైలెక్కాల్సిందే.

దసరా పోగానే నాంపల్లిలో మూడో తరగతి టికెట్టు తీసుకున్నాను. కాజీపేటలో ఒక మార్పు, ఢిల్లీలో ఒకటి, అక్కడినుంచి పంజాబు, సింధు దాటి క్వెట్టా. ఇంటినుంచి తెచ్చిన సర్వపిండి ఢిల్లీదాకా వచ్చింది. తరువాత స్టేషన్లలో పూరీలు, సింధులో పూరీలకన్నా ఎక్కువగా ఇసుక. ముల్తాన్ వెళ్ళే బట్టల వ్యాపారి ఒకాయన నేనెందుకు వెళ్తున్నానో ఆరా తీశాడు. చెట్టు తేవడానికన్నాను. "క్యోఁ, హైదరాబాద్ మేఁ పేడ్ నహీఁ హోతే?" అని, హైదరాబాదులో చెట్లే లేవా అన్నట్టు నా వంక అనుమానంగా చూసి, మూట అటువైపు జరుపుకున్నాడు. ఆయన్ననడానికేముంది, నాకూ అదే అనుమానం.

క్వెట్టాలో భూకంపం తరువాత లేచిన రేకుల ఇళ్ళ మధ్య ఒక సరాయిలో పడుకున్నాను. ఎవరైనా పోదలచుకుంటే రెండు రగ్గులు తీసుకుపోండి, సరాయివాడి రగ్గులో వాడి బంధువర్గమంతా కాపురముంటుంది. మర్నాడు బోస్తాన్ నుంచి బొమ్మ రైలంతటి చిన్న రైలు. అది కొండెక్కుతుంటే పక్కన గాడిద మీద పోయేవాడు మాకంటే ముందు పోయాడు. ఫోర్ట్ సాండెమాన్‌లో దిగితే గుల్‌ఖాన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. మామకు సరుకు తెచ్చే పఠాన్ ఇతనే. ఏటా కార్వాన్‌లో చలికాలం గడిపి మన మాటలు నేర్చాడు. "ఆగయా? మామ మంచిగున్నడా?" అన్నాడు. పరాయి కొండల్లో ఆ మాట వింటే ప్రాణం లేచివచ్చింది. అంతలోనే, "ఇంక కొంచెమే నడక" అన్నాడు. పఠాన్ల కొంచెం ఎంతో నాకప్పటికి తెలియదు.

ఉప్పు లారీలో షిన్‌ఘర్ కొండ మొదటికి, అక్కడినుంచి కాలినడకన పైకి. చెప్పు తెగింది. గుల్‌ఖాన్ అడవి, అడవి అంటుంటే నేను నీడ, వాగు, పిట్టలు అన్నీ ఊహించుకున్నాను. తీరా చూస్తే రాళ్ళు! కింద కొన్ని అడవి ఆలివ్ చెట్లు, పైన ఎండకు మాడిన కొండవాలు, దానిమీద ఒకదానితో ఒకటి పొత్తు లేనట్టు ఎడంఎడంగా చిల్గోజా చెట్లు. "గీ రాళ్ళ కోసమా నా బర్రెలనిడిసి వచ్చిన?" అని పైకే అరిచాను. గుల్‌ఖాన్‌కు అర్థమైంది, కోపం తెచ్చుకోలేదు.

అలసిపోయి ఒక చెట్టుకు ఆనుకున్నాను. బెరడు నున్నగా, బూడిదరంగుగా ఉంది. పెచ్చులు ఊడినచోట లోపల లేత ఆకుపచ్చ. ఆకులు సూదుల్లా, మూడేసి ఒక్కో కట్టగా ఉన్నాయి. కొమ్మల చివర్ల పిడికిలికన్నా పెద్ద కాయలు, పట్టుకుంటే చేతికి జిగురు. గుల్‌ఖాన్ వాళ్ళు కొక్కెం కట్టిన పొడుగు కర్రలతో వాటిని పచ్చిగానే లాగి, కుప్పపోసి, ఎండి విచ్చుకున్నాక గింజలు దులుపుతారు. ఏ చెట్టు ఏ ఇంటివాళ్ళదో అందరికీ తెలుసు, ఒకరి చెట్టు మీద మరొకరు చెయ్యి వేయరు. చెట్ల మొదళ్ళు చూశాను. మట్టి లేదు, రాతి నెర్రెలోకి వేరు దిగిపోయింది. నా బర్రెకు తవుడు, తెలగపిండి పెడితేగానీ పాలలో వెన్న కనబడదు, ఇది రాయి తిని వెన్న ఇస్తోంది. కాసేపు నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. మామ ఇక్కడ ఉండాల్సింది అనిపించింది.

గుల్‌ఖాన్ తన చెట్టు కింద మొలిచిన మూరెడు మొక్కను వేరు తెగకుండా తీసి, అక్కడి రాతిపొడితోనే కిరసనాయిలు డబ్బాలో నాటి ఇచ్చాడు.

"సునో భాయ్. పానీ నక్కో. ఇంటికి పోయేదాక ఒక్క చుక్క నక్కో. ఇది దాహంతోని చావదు, నీళ్ళతోని చస్తది."

తలూపాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పశువులకు నీళ్ళు పెట్టినవాణ్ణి, పెట్టకుండా ఉండటం ఎంతసేపు?

నేను ఉండగలను, లోకం ఉండనిస్తేగా! సింధులో ఒక ముసలమ్మ, "హాయ్ బిచారా, ప్యాసా హై" అని మొక్క దాహానికి జాలిపడి, నేను చెయ్యి అడ్డం పెట్టేలోగా లోటా వంపింది. ఆ కాలంలో స్టేషన్లలో హిందూ పానీ వేరు, ముసల్మాన్ పానీ వేరు. ఇద్దరు నీళ్ళవాళ్ళు ఒకరి కుండ ఒకరు తాకరు. నా చెట్టును చంపడానికి మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. లాహోరులో ఒక కుర్ర గుమాస్తాతో ఉర్దూలో "పానీ మత్ డాలో" అని అట్టమీద రాయించి మొక్క మెడలో బిళ్ళలా కట్టాను. చదివినవాళ్ళు నవ్వి పోశారు, చదవలేనివాళ్ళు నవ్వకుండా పోశారు. డబ్బాకు తూము లేక లోపల బురద అయిపోయింది. కూలీ దగ్గర మేకు అడిగి అడుగున చిల్లులు కొట్టి, పైన సామాన్ల బల్లమీద పెట్టి కునుకు తీశాను. ఏ పుణ్యాత్ముడో చెంబెడు పోశాడు. చిల్లుల్లోంచి ఆ నీళ్ళు కింద కూర్చున్న ఒక మున్షీగారి తలపాగామీద పడ్డాయి. ఆగ్రా దాటేదాకా లొల్లే లొల్లి.

నాగపూరు దగ్గర సూదులు పసుపు తిరిగాయి. బల్లార్షాలో ముట్టుకుంటే నాలుగు చేతిలోకి రాలాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది. చెట్టు చచ్చినా మామ ఏమీ అనడు, నాకు తెలుసు. "పోనీలేరా" అంటాడు. ఆ మాట వినలేకనే నా బాధ. ఇన్ని రైళ్ళు మారి నేను తెలుసుకున్నది ఒక్కటే. మన దేశంలో మనిషికి చోటివ్వడానికి జరగనివాళ్ళు కూడా మొక్క ఎండితే చూడలేరు. పాడు జాలి!

నాంపల్లిలో దిగేసరికి పొద్దెక్కింది. కార్వాన్‌కు టాంగా. టాంగావాడు వెనక్కి తిరిగి, "భాయ్, సూఖ్ రా ఝాడ్, పానీ డాలూఁ?" అన్నాడు. వాణ్ణి కొట్టకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

మామ ఇంటిముందు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. డబ్బా ఆయన పక్కన ఎండలో పెట్టాను. ముక్కు తగిలేంత దగ్గరికి మొహం వంచి, ఒక కన్ను మూసి, ఇంకో కంటితో వెతికాడు.

"ఉన్నది రా... కనవడ్తుంది. సూదులోలె ఉన్నయి. మూడు మూడు... అవునా?"

"అవు మామా."

"పచ్చగున్నదా?"

"పచ్చగనే ఉన్నది" అన్నాను. నడిమి కొసన ఇంకా పచ్చగానే ఉంది, అబద్ధమేమీ కాదు. కొండమీదినుంచి జేబులో వేసుకొచ్చిన కాయ చేతిలో పెడితే వాసన చూసి, అంటిన జిగురును వేళ్ళతో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఇంతలో మా అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. దూరం నుంచి వచ్చినవాళ్ళకు గడప బయటే కాళ్ళకు నీళ్ళివ్వడం మా ఇళ్ళలో రివాజు. తెగిన చెప్పులు విడిచి, అరుగును ఆనుకుని నిలబడి చెయ్యి చాచాను. మామ చెంబు తనే అందుకున్నాడు.

"ఆగు. నీకన్న దూరంకెళ్ళి వచ్చింది గిది. ముందు దీని కాళ్ళకు."

షిన్‌ఘర్ నుంచి ఇక్కడిదాకా ఎంతమందితో కొట్లాడిన నోరు ఇది! వద్దు మామా అనడానికి తెరుచుకుంది. ఆయన చెంబు వంచి, ధార ఎక్కడ పడుతోందో కనబడక, రెండో చేత్తో మొక్క మొదలు తడుముకుంటూ, మెల్లగా పోస్తున్నాడు. నోరు మూసుకున్నాను. మేకుతో కొట్టిన చిల్లుల్లోంచి జారిన ఆ నీళ్ళు అరుగు అంచు దాటి నా కాళ్ళమీద పడ్డాయి.