క్వారీ నీళ్లలో ముత్యమ్మ గాలం

ముత్యమ్మకు యాభై ఎనిమిదేళ్లు. రోజూ లక్డారం నుంచి షేర్ ఆటోలో పటాన్‌చెరు వెళ్లి ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేస్తుంది. ఆదివారం మాత్రం ఊరి బయట మూతపడిన రాతి క్వారీ దగ్గర గాలం పట్టుకుని కూర్చుంటుంది. వయసులో ఉన్నప్పుడు ఆమె ఆ క్వారీలోనే రాళ్లు మోసింది. పని ఆగిపోయాక గుంత నిండా నీళ్లు చేరాయి. ఎవరో చేపపిల్లలు వదిలారు.

వానపామును కొక్కేనికి గుచ్చడం ఆమెకు మనసొప్పదు. ఫ్యాక్టరీలో లేతు మిషన్ దగ్గర పారేసిన స్టీలు రేకును వేలెడంత కత్తిరించి, కొంచెం వంచి, గోళ్ల రంగు ఎర్రగా పూసి దానికే కొక్కెం తగిలిస్తుంది. లాగితే అది చేపపిల్లలా ఈదుతుందని ఆమె నమ్మకం. ఇరవై ఏళ్లుగా అది వట్టి నమ్మకమే. నీళ్ల కింద ఏం జరుగుతుందో ఎన్నడూ చూసింది లేదు.

మొన్న ఎండాకాలంలో నరసరాజు అనే రైతు పొలానికి నీళ్లు తోడుకునే మోటారు, తాడు తెగి ఆ గుంతలో పడిపోయింది. దాన్ని వెతకడానికి బీరంగూడ నుంచి శివశంకర్ వచ్చాడు. బోర్లలోకి కెమెరా దింపి చూడటం అతని పని. రెండు గంటలు వెతికినా తెర మీద బండలే కనిపించాయి.

"గాడ కాదు బిడ్డా," అంది ఒడ్డున గాలంతో కూర్చున్న ముత్యమ్మ. "గీ మూలకు మెట్లున్నయి. రాళ్లు నెత్తిన పెట్టుకొని మేం ఎక్కిన మెట్లు. మోటరు గా మెట్ల మీద్నే ఆగి ఉంటది."

నిజంగానే అక్కడ దొరికింది. నరసరాజు మోటారు పైకి లాక్కుని వెళ్లిపోయాక శివశంకర్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వు జెప్పకుంటే పరేషాన్ అయితుంటిమి పెద్దమ్మా. చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు. నా గాలం లోపల ఎట్లుంటదో జెర సూపియ్."

అతను కెమెరాను మళ్లీ దింపాడు. ఆమె దాని పక్కనే రేకు వదిలింది.

తెర మీద, కింది నుంచి చూస్తే, నీటి పైభాగం అద్దంలా ఉంది. నైలాన్ దారం నీళ్లలోకి దిగిన చోట సన్నని గాలి బుడగలు పూసల్లా అంటుకుని ఉన్నాయి. ఆ కింద దారమే లేదు. రేకు ఒక్కటే, దేనికీ వేలాడకుండా, తనంతట తాను దిగుతోంది. మూడు నిలువుల లోతుకు చేరేసరికి దాని ఎరుపు చింతగింజలా నల్లబడింది.

"రంగు ఏడ వోయింది?"

"లోతుకు వోతే అన్నిటికన్న ముందు ఎరుపే మాయమైతది పెద్దమ్మా." శివశంకర్ కెమెరా లైటు వేశాడు. ఎరుపు నిప్పులా మెరిసింది. ఆర్పాడు. మళ్లీ నలుపు.

ఆమె మెల్లగా దారం లాగింది. రేకు ఎడమకూ కుడికీ పొర్లుతూ ప్రతి పొర్లుకూ ఒక మెరుపు విసిరింది. లాగడం ఆపగానే రాయిలా పడిపోలేదు, రాలే ఆకులా ఊగుతూ జారింది. వెనక పాత మెట్లు కనిపించాయి, వాటి మీద ఉలి గాట్లు కూడా.

ఆ మెట్ల మీది నుంచి చేతి పొడవున్న కొర్రమట్ట చేప ఒకటి వచ్చింది. రేకుకు ముక్కు ఆనించి నిలబడింది. కదలకుండానే నోరు తెరిచింది. రేకు దానంతటదే లోపలికి పోయింది. రెప్పపాటులో బయటికి వచ్చేసింది.

ముత్యమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది.

"చేతికి ఏం తెల్వలే బిడ్డా," అంది చాలా నెమ్మదిగా. "చాపలు లేవని ఎన్నిసార్లు లేసిపోయిన్నో. అన్నిసార్లూ ఇవి వచ్చి నోట్లె పెట్టుకొని పోయినయా?"

చేప మళ్లీ వచ్చింది.

"గుంజు పెద్దమ్మా, జల్దీ."

"ఉండు. సూడనియ్."

అది రేకు చుట్టూ తిరిగి, రెక్కలు ఆడిస్తూ చీకట్లోకి వెళ్లేదాకా ఆమె దారం కదపలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో అన్నాల వేళ తనతో పాటు ఊడ్చే కౌసల్యకు ఇదంతా చెప్పింది. కౌసల్య నమ్మలేదు. ముత్యమ్మ గోళ్ల రంగు పూయడం మానేసింది. ఇప్పుడు రేకును మధ్యమధ్య ఆపుతూ లాగుతుంది, దారం నీటిలో దిగే చోటు మీదే కన్ను పెడుతుంది. ఆ నెలలో మూడు కొర్రమట్టలు పడ్డాయి. ఒకటి శివశంకర్ ఇంటికి పంపింది. కొన్ని ఆదివారాలు మాత్రం దారం సన్నగా వణికినా లాగదు. కింద ఎవరో వచ్చారని తెలుసు, అంతే, అలా చూస్తూ కూర్చుంటుంది.