వియ్యపురాళ్ల విహారం

శేషుకుమారి నోరు మూతపడటం పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో ఎవరూ చూసి ఎరగరు. పెర్త్ వచ్చిన కొత్తలో పాథాలజీ సెంటర్‌లో రక్తం తీసే ఉద్యోగంలో చేరి, రిటైరయ్యేదాకా అందులోనే ఉంది. సూది గుచ్చేటప్పుడు ఆవిడ చెప్పే కబుర్లలో పడి జనం చెయ్యి సంగతే మరిచిపోయేవారు. తణుకు నుంచి తెచ్చుకున్న సాగదీత ఇంగ్లీషులోకి కూడా లాక్కొచ్చిన మనిషి. అలాంటిది, ఒక శనివారం మధ్యాహ్నం ఒక గుమ్మం ముందు ఒక్క మాట విని బిక్కచచ్చిపోయింది. ఆ మాట 'ఆంటీ'.

అదేం మాట, ఆస్ట్రేలియాలో మన పిల్లలంతా అనేదేగా అంటారేమో. ఆగండి, మొదట్నుంచీ చెబుతాను.

ఆ గుమ్మం లీలావతిది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు బిందుమాధవిని శేషుకుమారి కొడుకు రాహుల్‌కిచ్చి చేసి ఏడేళ్లయింది. అంటే ఇద్దరూ వియ్యపురాళ్లు. ఈ చుట్టరికానికి ఇంగ్లీషులో మాటే లేదు. ఎవరైనా అడిగితే శేషుకుమారి 'మై సిస్టర్ ఇన్ లా' అనేసి ఊరుకునేది, 'వదిన' అన్నట్టూ ఉంటుంది, గొడవా ఉండదని. లీలావతి కరీంనగర్‌లో లెక్కల టీచరుగా చేసింది. భర్త పోయాక కూతురికి దగ్గరగా ఉంటానని వచ్చి, కానింగ్ వేల్‌లోనే ఆ చివర చిన్న యూనిట్ ఇంట్లో ఉంటోంది. మొదట్లో అన్నీ మర్యాదలే. ఒకరింటికి ఒకరు ముందు ఫోన్ చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, స్వీటు డబ్బా పట్టుకుని వెళ్లడం, 'రండి వదినగారూ', 'అయ్యో మీరు కూర్చోండి వదినగారూ'. వియ్యాలవారంటే అలాగే ఉండాలి, ఏదో ఒక మాట తేడా వస్తే పిల్లల కాపురానికే చుట్టుకుంటుంది కదా.

ఆ మర్యాదలన్నిటినీ నిరుడు ఒక క్రూయిజ్ ఓడ ముంచేసింది. శేషుకుమారి భర్త శ్రీపతికి సముద్రమంటే ఫ్రీమాంటిల్ ఒడ్డున కూర్చుని ఫిష్ అండ్ చిప్స్ తినేంతవరకే. అందుకని వియ్యపురాళ్లిద్దరే ఎక్కారు. పొద్దున్నే పాటలు, మధ్యాహ్నం క్విజ్‌లు, సాయంత్రం షోలు, భోజనాల బల్ల దగ్గర ఎవరెవరో పలకరించడం. మూడోనాటికి లీలావతి ఈతకొలను పక్కన టోపీ పెట్టుకుని డాన్సు చేసింది! శేషుకుమారికి కళ్లు బైర్లు కమ్మాయి. ఇంతమందిలో చప్పట్లు కొట్టుకుంటూ తిరిగే ఈ మనిషేనా మా ఇంట్లో సోఫా అంచున కూర్చునేది అనుకుంది.

తిరిగొచ్చాక లీలావతికి తల తిరగడం మొదలైంది. చెవిలో ఏదో లోపమట, ఇక ఓడ ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఓడ వద్దు, ఓడలోని సందడి మాత్రం కావాలి. అప్పుడు ట్రావెల్ ఆఫీసులో పనిచేసే శ్రీలేఖ, "ఆంటీ, నేల మీదే అచ్చం క్రూయిజ్‌లా ఉండే రిసార్టులు ఉంటాయి, కరీబియన్‌లో అయితే సూపర్ లైవ్లీ," అంది. కరీబియన్ మాట వినగానే లీలావతి మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు వాళ్లన్న ట్రాన్సిస్టర్‌కి చెవి ఆనించి క్రికెట్ వింటుంటే బార్బడోస్, జమైకా, ఆంటిగ్వా అని పేర్లు వినేదట. అవి నిజం ఊళ్లని చాన్నాళ్లు నమ్మలేదట.

"అమ్మా, Bali is right there. ఇక్కడ నుంచి అక్కడికి ఎన్ని ఫ్లైట్లు మారాలో తెలుసా?" అని రాహుల్ గొణిగాడు. శేషుకుమారి విన్లేదు.

ఒక రిసార్టు దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. శ్రీలేఖ మామూలుగా, "ఇది అడల్ట్స్ ఓన్లీ, ఆంటీ" అంది.

"ఛీ ఛీ! సినిమాహాలు గోడమీద 'పెద్దలకు మాత్రమే' అని ఉంటే మేం అటు తల కూడా తిప్పేవాళ్లం కాదమ్మాయ్! నాకూ మా వదినగారికీ చూపించేది ఇదా?" అని శేషుకుమారి విరుచుకుపడింది.

శ్రీలేఖ నవ్వాపుకోలేక చచ్చింది. చిన్నపిల్లలు ఉండరని అర్థం తప్ప మరేం లేదని చెప్పి శాంతింపజేసేసరికి పిల్లదానికి తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ప్రశాంతమైనది. కొబ్బరిచెట్లు, ఊయలలు, గుసగుసలాడుకునే కొత్త జంటలు. రెండోది సందడిది. పూల్ దగ్గర మైకులో పోటీలు, వరసగా తినే చోట్లు, రోజూ షో, ఒంటరిగా వచ్చినవాళ్లని కూడా పదిమంది బల్ల దగ్గర కూర్చోబెడతారట. గదులు సోమవారం దాకా పట్టి ఉంచుతానంది శ్రీలేఖ. శేషుకుమారికి రెండోదే కావాలి. కానీ లీలావతి తేల్చదే! నెలలుగా ఇదే వరస. ఫోన్ చేస్తే "మీ ఇష్టం వదినా, చూద్దాం" అంటుంది. ఇంటికి రమ్మంటే వస్తుంది, తన ఇంటికి మాత్రం రమ్మనదు. బిందు ఫిబ్రవరి నుంచీ మెల్‌బోర్న్‌లో ప్రాజెక్టు మీద ఉంది కదా, కూతురు లేక దిగులు కాబోలు అనుకుంది శేషుకుమారి. కోడలికి మెల్‌బోర్న్‌లో నోరు చప్పబడిపోతుందని గోంగూర పచ్చడి చేసి, సీసాడు రాహుల్ చేత పంపించింది కూడా.

ఆ శనివారం లీలావతి ఫోన్ ఎత్తలేదు. చెప్పకుండా వియ్యపురాలి గుమ్మం తొక్కడం మర్యాద కాదని తెలుసు. అయినా, మనలో మనకేంటిలే అనుకుని, కారు తీసి, వెళ్లి బెల్లు కొట్టింది.

తలుపు తీసింది బిందుమాధవి. మెల్‌బోర్న్‌లో ఉండాల్సిన పిల్ల. నలిగిన నైటీ, దువ్వని జుట్టు, కళ్లకింద నలుపు. అత్తగారిని చూసి పాలిపోయింది.

"ఆంటీ..." అంది.

ఏడేళ్లుగా 'అత్తయ్యా' అన్న నోరు! పక్కింటి పిల్లలు అంటారు ఆంటీ అని, దుకాణంలో కుర్రాళ్లు అంటారు. కోడలు అంటుందా? అది పొరపాటున జారిన మాటా కాదు. ఎప్పటి నుంచో లోపల అనుకుంటూ ఉన్న మాట బయటికొచ్చినట్టుంది. శేషుకుమారి ఆ పిల్ల భుజం మీదుగా లోపలికి చూస్తే భోజనాల బల్ల మీద తన గోంగూర సీసా సగం ఖాళీగా కనిపించింది.

"మెల్‌బోర్న్..." అంది శేషుకుమారి.

"I never went, ఆంటీ. రాహుల్ చెప్తానన్నాడు... we separated. Sorry." అంటూ లోపలికెళ్లి గది తలుపు వేసుకుంది బిందు. వెనక నుంచి లీలావతి వచ్చి నిలబడింది. మొహం చూస్తేనే తెలుస్తోంది, ఈవిడకి మొదట్నుంచీ తెలుసని.

శేషుకుమారికి ఒళ్లు మండిపోయింది. ఆర్నెల్లుగా తనతో కూర్చుని బీచ్ వైపు గదా, పూల్ వైపు గదా అని మాట్లాడిందే! కడుపులో ఇంత పెట్టుకుని!

"మీకు తెలుసా లీలావతిగారూ?" అంది.

అన్నాక చెవిన పడింది, తను ఏమన్నదో. 'లీలావతిగారూ'. ఎంత కోపంలోనూ 'వదినగారూ' తప్ప అనని నోరు తనది. కావాలని అనలేదు. నాలుక తనంతట తనే తీర్పు చెప్పేసింది. లీలావతి కూడా విన్నది. చెంపదెబ్బ తిన్నట్టు చూసి తల దించుకుంది. శేషుకుమారి వెనక్కి వచ్చేసింది.

ఇంటికొచ్చి కొడుకుని నిలదీస్తే, "ఎలా చెప్పాలో తెలీలేదమ్మా. Nobody did anything wrong. మాకు కుదర్లేదు అంతే," అన్నాడు ఫోన్లో. ఎవరూ తప్పు చెయ్యకపోతే ఇల్లెలా కూలుతుందో ఆవిడకి అర్థం కాలేదు. శ్రీపతి టీవీ కట్టేసి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ పెట్టాడు.

ఆదివారమంతా ఆవిడ మంచం దిగలేదు. ఈ ఘోరం ఎవరితోనైనా చెప్పుకుని ఏడిస్తే తప్ప బరువు దిగదనిపించి ఫోన్ అందుకుంది. వేలు తిన్నగా 'వదినగారు' అన్న పేరు మీదికి వెళ్లింది. ఉలిక్కిపడి ఫోన్ పడేసింది. అయ్యో, కొడుకు కాపురం పోయిందని చెప్పుకోవడానికి కూడా తనకి ఆవిడ తప్ప దిక్కు లేదా! కోడలు పోయింది. ఈవిడ కూడా పోతే ఇక మిగిలేదేవిటి?

సోమవారం పొద్దున్నే శ్రీలేఖ ఫోన్ చేసింది. "ఆంటీ, today is the last day. కన్ఫర్మ్ చెయ్యనా, క్యాన్సిల్ చెయ్యనా?"

"ఆగమ్మాయ్, లైన్లోనే ఉండు," అని చెప్పి, ఉన్న చీరతోనే, స్వీటు డబ్బా లేకుండా వెళ్లి లీలావతి బెల్లు కొట్టింది.

లీలావతి తలుపు తీసి, "రండి," అంది. వదినా అనలేదు. ఇంకేమీ అనలేదు. అదిగో, ఆ ఖాళీయే శేషుకుమారిని కోసేసింది.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?"

"చెప్తే ఏమైతదో నాకెర్క. బిడ్డ కాపురం పోయింది. చెప్పిన్నాడు మీరు గూడ పోతరని భయమైంది. రిసార్టుల బొమ్మలు సూసినన్నాళ్లు మీరు నాకు వదినెనే కదా అని..." అంది లీలావతి.

"విడిపోతామన్నది వాళ్లండీ! మీరూ నేనూ ఎప్పుడన్నాం ఆ మాట?" అని గుమ్మంలోనే అరిచేసింది శేషుకుమారి. ఎదురింటి తెల్లాయన కుక్కని ఆపి మరీ చూశాడు.

"మరి ఇంక మిమ్మల్ని ఏమని పిలువాలె? ఆ వరస లేకపాయె."

"పేరు లేదూ నాకు?"

లీలావతి పెదాలు కదిపింది. "శేషుకుమారిగారూ" అనబోయి ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ఒక్కసారిగా, "ఏందే, ఎండల అట్ల నిలవడ్డవ్? లోపలికి రా," అంది.

శేషుకుమారి మళ్లీ బిక్కచచ్చిపోయింది. ఏందే! ఇంత వయసొచ్చాక, ఈ దేశంలో, తనని పట్టుకుని 'ఏందే' అనే మనిషి ఉంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. లోపలికెళ్లి, సోఫా మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

"ఆ పిల్ల లైన్లో ఉందే. రెండిట్లో ఏది చెయ్యమంటావే?" అంది. మాట చివర ఆ 'ఏ' తన నోట కొత్తగా ఉంది, కొంచెం తడబడింది.

లీలావతి మూసి ఉన్న గది తలుపు వైపు చూసింది. "సప్పుడున్నదే చెయ్యి. గా తలుపెనుక నా బిడ్డ ఉన్నది, నేను ఈడ ఉన్న. ఫిబ్రవరి సంది ఇంట్ల మాట లేదు. పొద్దుగాల లేస్తే ఎవ్వలన్న మైకుల ఒర్రాలె నాకు," అంది.

శేషుకుమారి ఫోన్ చెవిన పెట్టుకుంది. "శ్రీలేఖా, ఆ సందడిదే చేసెయ్. స్టేజీ పక్కన గది ఉంటే అదే ఇవ్వమను. ఆ, నిద్ర పట్టదని తెలుసు. అదే ఇవ్వమను."