కడుపులో ఉన్నోళ్ల పోగు

నా భార్య ఏడో నెల కడుపుతో మహబూబాబాద్ దవాఖానలో ఉంటే, నేను మా ఇంటి ముందు వేపచెట్టుకు తలకిందులుగా వేలాడుతున్న మేకయాట ముందు కత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆ పొద్దున నా మీద నాకే అసహ్యం వేసింది. మా నాయిన మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

ముందురోజు ఆమెకు బీపీ పెరిగి కళ్లు తిరిగాయి. బిడ్డ గుండె సరిగా కొట్టుకోవడం లేదని, అవసరమైతే ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. వార్డులోకి నన్ను రానివ్వలేదు. నన్ను కన్న అవ్వ లోపల, నేను బయట మెట్ల మీద. తెల్లవారగానే నాయిన ఫోన్ చేశాడు. కాన్పు అయ్యాక మైసమ్మకు ఇస్తామని మొక్కిన యాటను ఇప్పుడే ఇచ్చేద్దాం, రమ్మన్నాడు. అంత తొందరేమిటంటే, అడిగేవాళ్లు ముందు పెట్టి అడగాలన్నాడు. కురవి దగ్గరి మా ఊరికి బండి మీద ఎంతోసేపు పట్టదు. మెట్ల మీద కూర్చుని నేను ఉద్ధరించేది కూడా ఏమీ లేదు. వచ్చాను.

నాయిన భూపాలపల్లి అవతల అడవి ఊళ్లో పుట్టాడు. వయసులో ఉన్నప్పుడు పెద్దలతో వేటకు పోయి, దుప్పిని పడ్డచోటే శుభ్రం చేసి తెచ్చేవాడు. ఇప్పుడు దుప్పి మీద చెయ్యి వేస్తే జైలే. ఆయన ఆ పని మానేసి నా వయసంత కాలమైంది. అయినా మేకను కోసినా దుప్పి లెక్కనే కోయాలంటాడు. పేగు తెగొద్దు, కార్జం మీది చేదుతిత్తి పగలొద్దు, ఉచ్చతిత్తి చిట్లొద్దు, తోలు పట్టిన చెయ్యి మాంసాన్ని ముట్టొద్దు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆయనకు మిగిలింది ఈ మాటలే. ఆ రోజు ఇంకోటి కలిపాడు.

"దీని కడుపు సాఫ్‌గ తెరిస్తే, కోడలి కడుపు గూడ సాఫ్‌గ తెరుచుకుంటది."

నాకు ఒళ్లు మండింది. ఇలాంటివి నేను నమ్మను. కానీ ఆ మాట చెవిన పడ్డాక కత్తి మామూలుగా ఎలా పట్టుకోవాలో ఎవరైనా చెబితే బాగుండేది.

మైసమ్మ దగ్గర యాటను కొట్టినాయన తన పని అయిందని అప్పటికే వెళ్లిపోయాడు. తోలు ఎలాగో ఒలిచాను. నాయిన మంచం మీద కూర్చుని చెబుతూనే ఉన్నాడు. వెనకవైపు పేగు చుట్టూ కోసి దారంతో బిగించి కట్టమన్నాడు, లోపలి పెంట మాంసానికి అంటకుండా. తర్వాత రెండు వేళ్లు లోపల పెట్టి కడుపు పొరను ముందుకు లాగి, కత్తి అంచు బయటివైపు ఉంచి పైనుంచి కిందికి కోయమన్నాడు. వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. దవాఖానలో ఆమెకు కూడా ఇదే చేస్తున్నారేమోనన్న ఆలోచన వచ్చింది. ఎడమచేతి వేళ్లతో ఉచ్చతిత్తి మొదలు నొక్కిపట్టి కోయబోతున్నాను, అప్పుడే ఫోన్ మోగింది.

అది మంచం మీద, నాయిన పక్కన ఉంది. ఎత్తమని అరిచాను. ఆయనకు గుండీల ఫోనే తెలుసు. నా ఫోన్ మీద ఎడమచేతి బొటనవేలు ఎటో రుద్దాడు, కాల్ తెగిపోయింది. నువ్వూ నీ దుప్పులూ మట్టిలో కలవనీ అన్నాను, కన్నతండ్రిని. ఆయన కళ్లు తిత్తిని నొక్కిపట్టిన నా చేతి మీదే ఉన్నాయి. "ఇడువకు," అన్నాడు అంతే.

విడిచిపెట్టలేదు. అప్పటికి నేను కూడా ఆ పిచ్చిలో పడిపోయాను. ఈ తిత్తి చిట్లితే అక్కడ బిడ్డ పోతాడని నాకు ఖాయంగా అనిపించింది. ఊపిరి బిగబట్టి కోశాను. మొత్తం కడుపు ఒక్కసారిగా కింద పెట్టిన తట్టలోకి జారింది. చేదు కూడా కార్జం అంచుతో సహా పగలకుండా వచ్చింది. ఎక్కడా చుక్క పడలేదు. ఆ క్షణాన నా బిడ్డ బతికినట్టేనని నమ్మాను. ఇప్పటికీ ఆ సంతోషం గుర్తొస్తే భయం వేస్తుంది.

చేతులు కడుక్కుని అవ్వకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. ఈలోగా నాయిన ఒంటిచేత్తో మోదుగాకుల మీద మాంసం పోగులు పెడుతున్నాడు. వాళ్ల వేట రివాజు అది. నడిచినవాళ్లకు ఒక పోగు, ఇంట్లో ఉన్నవాళ్లకు ఒకటి, కుక్కకు ఒకటి, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడమనిషి ఉంటే ఆ కడుపులో ఉన్నోళ్లకు కూడా ఒకటి. చివరి ఆకు మీద మెత్తటి పచ్చి కార్జం ముక్క పెడుతుండగా అవ్వ ఫోన్ చేసింది.

"కోడలు మంచిగనే ఉంది బిడ్డా. లోపటోడే దక్కలె."

కొడుకేనట. ఏడవనే లేదట. దవాఖానవాళ్లు తామే పూడ్చమంటారా అని అడుగుతున్నారు, ఏం చెప్పమంటావని అవ్వ అడిగింది. ఏడవకుండా పోయిన బిడ్డను ఇంటికి తేవడం మాలో లేదు. స్నానం ఉండదు, పేరు ఉండదు, ఇంటి మనిషిగా లెక్కే ఉండదు. వాళ్లకే ఇచ్చెయ్యమని చెప్పబోయాను. నాయిన నా ముఖం చూసి తెలుసుకున్నాడు. ఆ పోగు తీసెయ్ నాయినా అన్నాను.

"పెట్టిన పోగు తియ్యరు. పోగు పడ్డంక వాడు మనింటోడే. ఇంటికి తీస్కరా."

నేను దవాఖానకు పోయి, పక్క మంచం ఆమెను నా భార్యకు తోడు ఉండమని చెప్పి, వాడిని తువ్వాలలో చుట్టుకుని అవ్వతో కలిసి ఆటోలో తెచ్చాను. నాయిన పొలం గట్టు మీద గుంత తీయించాడు. అవ్వ గోరువెచ్చటి నీళ్లతో స్నానం పోసింది. పళ్లు రాని పిల్లవాడికి మాంసమేమిటని చుట్టుపక్కలవాళ్లు గొణిగారు. నాయిన ఎవరి మాటా వినలేదు. ఆకుతో సహా ఆ పోగును వాడి పక్కన ఉంచాడు. పొద్దుటి నుంచి ఆ మనిషిని తిట్టుకుంటున్న నేను, అక్కడే ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

దవాఖాన నుంచి వచ్చాక నా భార్య చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, వాడికి ఏం పెట్టారని అడిగింది. కార్జం ముక్క పెట్టామని చెప్పాను. పళ్లెంలో అన్నాన్ని వేలితో పక్కకు జరిపింది.

"దానికి ఉప్పేసిండ్రా?" అని అడిగింది.

ఏసినమని చెప్పాను.