ఆరోగ్యం కోసం ప్రార్థించండి

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలం, మూడో ఆదివారం. కీర్తన పల్లవి చివర్లో సాగదీసే ఒక అక్షరం ఉంది. ఏళ్లుగా పాడుతున్న పల్లవే. ఆ రోజు ఆ అక్షరం సగంలో నాకు ఊపిరి చాలలేదు. పక్కన నిలబడ్డ తెరేజమ్మ గారు నా వంతు కూడా తనే లాగేసి, పాట అయ్యాక నా వైపు తిరిగి, "ఏమయ్యా ఆరోగ్యం, అప్పుడే ముసలాడివైపోయావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు దగ్గయింది.

నా పేరు ఆరోగ్యరాజు. ఆరోగ్యమాత మీద భక్తితో మా అమ్మ పెట్టుకున్న పేరు. అందరూ ఆరోగ్యం అంటారు. మేము ఉండేది అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో. వారమంతా సాఫ్ట్‌వేర్ పని, ఆదివారం మధ్యాహ్నం తెలుగు పూజ. మా కతోలికుల తెలుగులో పారిష్‌ని విచారణ అంటాం. మా విచారణ అమెరికన్లదే అయినా మధ్యాహ్నం ఒక పూజ మాకు ఇచ్చారు. అక్కడ పాటల బృందం నా చేతిలో ఉండేది. వారం వారం పంచే వార్తాపత్రిక కూడా నేనే తయారుచేసేవాణ్ణి. ఒకే కాగితం, రెండు వైపులా. ఆ వారం పఠనాలు, పుట్టినరోజులు, ఎవరింట్లో జపమాల, ఎవరి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, పూజ తర్వాత భోజనానికి పులిహోర ఎవరిది, కోడికూర ఎవరిది. చివర్లో గీత గీసిన ఒక పెట్టె. దానికి శీర్షిక "ఆరోగ్యం కోసం ప్రార్థించండి". కింద రోగుల పేర్లు. "మీరంతా వారం వారం నా కోసమే ప్రార్థిస్తున్నారు" అని కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఒకే జోకు చెప్పేవాణ్ణి.

ఆ పెట్టె దగ్గర నేను చేసిన ఒక తప్పు ముందే చెప్పుకోవాలి. ఉత్త పేరు రాస్తే జనం మనసు పెట్టి ప్రార్థించరని నా వాదన. అందుకని జబ్బు పేరు, ఆపరేషన్ ఏమిటి, కుట్లు ఎన్ని, అన్నీ రాసేవాణ్ణి. రెండేళ్ల కిందట తెరేజమ్మ గారి గర్భసంచి ఆపరేషన్ గురించి నాలుగు లైన్లు రాశాను. వాళ్ల అమ్మాయి వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశాను. ఆమెను అడగలేదు. ఆ ఆదివారం ఆమె కాగితాన్ని చిన్నగా మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి సంతోషించారనుకున్నాను.

దగ్గు తగ్గలేదు. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌లో బ్రాంకైటిస్ అని యాంటీబయోటిక్స్ ఇచ్చారు. రెండోసారి వెళ్తే చెట్ల పుప్పొడి కాలం కదా, ఎలర్జీ అన్నారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లారితే దిండు గలీబు తడిగా ఉండేది. బరువు తగ్గాను. "తపస్సు కాలం నీకు బాగా కలిసొచ్చింది అన్నయ్యా, డైట్ ఏంటో మాకూ చెప్పు" అని గుడిలో కుర్రాళ్లు అడిగితే, ఉపవాసమని చెప్పి గర్వపడ్డాను. నిజానికి ఉన్నది శుక్రవారాలు మాత్రమే, అదీ మధ్యాహ్నం దాకా. గురువారం సాయంత్రం పాటల ప్రాక్టీస్ ఒక్కటీ మానలేదు. తలుపులు మూసిన చిన్న గది, పన్నెండు మంది, గొంతెత్తి గంటన్నర. నా కుడి పక్క కుర్చీ తెరేజమ్మ గారిది.

పాస్కా పండుగ, అదే ఈస్టర్, అయ్యాక మూడో వారంలో టిష్యూ పేపర్‌లో రక్తం కనబడింది. నా భార్య రోజ్‌లిన్ కారు తాళాలు తీసింది.

ఎమర్జెన్సీలో చెస్ట్ ఎక్స్‌రే తీశారు, తర్వాత సీటీ స్కాన్. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన నర్స్ మాస్క్ మార్చుకుని వచ్చి, నన్ను వేరే గదికి తీసుకెళ్లి తలుపు వేసింది. ఇన్ఫెక్షియస్ డిసీజ్ డాక్టర్ వచ్చి తెర మీద కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక నల్లటి గుంట చూపించాడు. "దిస్ ఈజ్ ఎ కేవిటీ" అన్నాడు. కఫానికి చేసిన స్పుటమ్ టెస్ట్‌లో ఏఎఫ్‌బీ పాజిటివ్, అంటే క్షయ క్రిములు కనబడ్డాయి. టీబీ.

"చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. మా బాబాయికి ఉంది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు, "వాడి దగ్గు" అనేవారు. ఆయన గ్లాసు వేరే, కంచం వేరే, అవి కడిగే చోటు వేరే. ఆ గ్లాసుకి నేను పొరపాటున తగిలితే అమ్మ నా చేయి రుద్ది రుద్ది కడిగింది. డాక్టర్‌తో మాత్రం "గుర్తులేదు" అన్నాను. ఆయన షుగర్ రిపోర్టు చూశాడు. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ, ఆరు లోపు ఉండాల్సింది, తొమ్మిది దాటింది. "అది ఇన్నేళ్లూ నీలో నిద్రపోయింది. డయాబెటిస్ లేపింది. పూర్తిగా నయమవుతుంది, కానీ ఒక్క డోసు కూడా మిస్ కాకూడదు" అన్నాడు.

నాలుగు రకాల మాత్రలు మొదలయ్యాయి. రిఫాంపిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వచ్చింది. ఇంట్లో ఒక గదిలో ఐసొలేషన్. రోజూ ఫోన్ కెమెరా ముందు మాత్రలు మింగి నోరు తెరిచి చూపించాలి. చూసేది కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, హెల్త్ నర్స్ డెబ్రా. రోజ్‌లిన్‌కి టెస్ట్ చేశారు, నెగటివ్. అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే రెండో తప్పు చేశాను.

డెబ్రా ఫోన్ చేసి కాంటాక్ట్ ఇన్వెస్టిగేషన్ అంది. గత మూడు నెలల్లో ఒకే గదిలో గంటల తరబడి ఎవరితో ఉన్నానో పేర్లు కావాలి. నా పేరు ఎవరికీ చెప్పరు, వాళ్లను పిలిచి టెస్ట్ మాత్రం చేస్తారు. ఆఫీసులో ఇద్దరి పేర్లు చెప్పాను.

"చర్చ్‌కి వెళ్తారా?"

"వెళ్తాను. వెనక వరసలో కూర్చుంటాను."

"గ్రూపులు, మీటింగ్‌లు?"

"లేవు."

"పాడతారా?"

"లేదు."

పన్నెండు మందిలో ఒకడు కనబడకుండా పోయి, మిగతా పదకొండు మందికి టీబీ టెస్ట్ అని కబురొస్తే ఎవరి వల్ల అనేది లెక్కవేయడానికి మావాళ్లకు అర నిమిషం చాలు. బాబాయి గ్లాసు కళ్ల ముందు ఆడింది. గుడివాళ్లకు నడుము నొప్పి అని చెప్పాను.

వార్తాపత్రిక మాత్రం ఆపలేదు. గదిలో కూర్చుని అందరి జబ్బులూ టైప్ చేశాను. ఒక శనివారం రోజ్‌లిన్ తలుపు బయట కంచం పెట్టి, "ఆ లిస్టులో మీ పేరు లేదేం?" అంది.

"హెడింగ్‌లోనే ఉందిగా" అన్నాను.

ఆమె నవ్వలేదు.

నాలుగో వారంలో మాత్రల వల్ల లివర్ ఎంజైమ్స్ పెరిగాయి. కడుపులో తిప్పు, అన్నం వాసన పడదు. మాత్రలన్నీ ఆపి, పది రోజుల తర్వాత ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టారు. ఐసొలేషన్ పొడిగించారు. ఆ పది రోజుల్లోనే ఒక మెసేజ్ వచ్చింది. తెరేజమ్మ గారి అమ్మాయి పంపింది: "అన్నయ్యా, అమ్మకి కీళ్లవాతం బాగా ఎక్కువైంది. వచ్చే బుధవారం నుంచి కొత్త బయోలాజిక్ ఇంజెక్షన్ స్టార్ట్ చేస్తున్నారు. జనవరిలోనే టెస్టులన్నీ చేశారు, అన్నీ క్లియర్. ప్రేయర్ లిస్టులో పెట్టండి."

డెబ్రా ఇచ్చిన కరపత్రం నా మంచం పక్కనే ఉంది. బయోలాజిక్స్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు టీబీ ప్రమాదకరం అని అందులో ఉంది. ఆ వాక్యం నేను ముందే చదివాను. ఆమె జనవరి టెస్ట్ నా దగ్గు కంటే ముందుది. ఆమె డాక్టర్‌కి ఆ సంగతి తెలిసే దారి లేదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడైనా వెంటనే ఫోన్ చేశానని రాయగలిగితే బాగుండేది. ఆమె పేరు పెట్టెలో టైప్ చేశాను. "కొత్త చికిత్స విజయవంతం కావాలని" అని కూడా రాశాను. అలా రెండు రోజులు గడిపాను. సోమవారం ఉదయం మా ఫాదర్ ఇన్నయ్య గారికి ఫోన్ చేసి, పాపసంకీర్తనం చేసుకోవాలి, చేసిన పాపాలు మీ ముందు ఒప్పుకోవాలి అన్నాను. వీడియోలోనైనా సరే అన్నాను. మొత్తం చెప్పేశాను.

"పాపసంకీర్తనం ఫోన్లో కుదరదు, ఆరోగ్యం" అన్నారు. "నర్స్‌కి ఫోన్ చేయడం కుదురుతుంది. ముందు అది చెయ్యి. నేను మాస్క్ పెట్టుకుని సాయంత్రం మీ ఇంటి వెనక ఆరుబయట చెక్క డెక్ మీదికి వస్తాను."

డెబ్రా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "థాంక్యూ ఫర్ కాలింగ్. ఇప్పుడు పేర్లు చెప్పండి. నెమ్మదిగా. స్పెల్లింగ్‌తో" అంది. పదకొండు పేర్లు, ఒక్కో అక్షరం. శౌరయ్య పేరుకి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. మధ్యలో నాకు దగ్గు తెర వస్తే ఆమె ఆగి, "టేక్ యువర్ టైమ్, నేను ఎక్కడికీ పోను" అంది. ఇంజెక్షన్ సంగతి చెప్పగానే ఆమె గొంతులో వేగం వచ్చింది. "ఎవరు? ఆమె నంబర్ ముందు ఇవ్వండి."

సాయంత్రం ఫాదర్ గారు డెక్ మీద ప్లాస్టిక్ కుర్చీని నాకు దూరంగా లాక్కుని కూర్చున్నారు. "మన విచారణలో విచారణ అన్నమాట" అని తనే నవ్వి, తర్వాత పాపసంకీర్తనం వినేటప్పుడు వేసుకునే పొడుగాటి పట్టీ, ఊరారు, మెడలో వేసుకున్నారు. చివర్లో ప్రాయశ్చిత్తంగా జపమాల చెప్పమంటారనుకున్నాను. "తెరేజమ్మకి నువ్వే చెప్పు, కౌంటీ వాళ్లు నీ పేరు చెప్పరు" అన్నారు.

చేశాను. ఫోన్లో ఆమె చివరిదాకా విన్నారు.

"అంటే నడుము నొప్పి కాదన్నమాట."

"కాదండీ."

"నా గర్భసంచి గురించి నాలుగు లైన్లు రాశావు. నీ ఊపిరితిత్తి గురించి ఒక్క లైను రాయలేకపోయావా నాయనా?"

ఆమే ఫోన్ పెట్టేశారు.

పదకొండు మందిలో ముగ్గురికి పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రేలు మాత్రం ముగ్గురివీ క్లియర్. లేటెంట్ టీబీ, అంటే క్రిమి నిద్రలో ఉంది, జబ్బు కాదు, మాత్రలతో పోతుంది. ఆ ముగ్గురిలో తెరేజమ్మ గారు ఒకరు. నాలుగు నెలల రిఫాంపిన్. అందులో రెండు నెలలు గడిచేదాకా ఇంజెక్షన్ ఇవ్వనన్నాడు ఆమె డాక్టర్. ఆ రెండు నెలలూ ఆమె జడ వేసుకోలేకపోయారని, జపమాల పూసలు వేళ్లకు అందక ఒళ్లో పెట్టుకుని ఊరికే పలికేవారని వాళ్ల అమ్మాయి మా రోజ్‌లిన్‌తో చెప్పింది. నేను తొందరగా టెస్ట్ చేయించుకుని ఉంటే ఆ నొప్పి ఆమెకు రాసిపెట్టి ఉండేది కాదు. బుధవారం కంటే ముందు చెప్పాను కాబట్టి పెద్ద ప్రమాదం తప్పిందని డెబ్రా అంది. రెండూ నిజమే. రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని మరిచిపోకూడదని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

ఆ వారం వార్తాపత్రికలో ఒక్క లైను రాశాను. శీర్షిక మార్చలేదు. "ఆరోగ్యం కోసం ప్రార్థించండి" కింద మొదటి పేరు: ఆరోగ్యం, టీబీ. నేనే అచ్చువేసుకున్న జోకు అది. ఈసారి ఎవరూ నవ్వలేదట.

మూడు స్పుటమ్ టెస్టులు వరసగా నెగటివ్ వచ్చాక గుడికి వెళ్లాను. పూజ తర్వాత భోజనాల దగ్గర ఒకాయన నా చేతికి కాగితపు కప్పు ఇచ్చాడు, మిగతావాళ్లకు గాజు గ్లాసులు. నాకు కోపం రాలేదు. బాబాయి ఎన్నేళ్లు అలా తాగాడో అప్పుడు తెలిసింది. రెండు కుటుంబాలు ఇప్పటికీ నాకు దూరంగానే కూర్చుంటాయి. గురువారం ప్రాక్టీస్‌కి వెళ్తే నా కుర్చీ గోడ పక్కన విడిగా ఉంది. దాంట్లోనే కూర్చున్నాను. తెరేజమ్మ గారు ఆలస్యంగా వచ్చారు. వాచిన వేళ్లతో తన కుర్చీ పట్టలేక, కాలితో నెట్టుకుంటూ తెచ్చి నా కుడి పక్కన వేసుకున్నారు.

"కిటికీలు తెరవండర్రా" అన్నారు మిగతావాళ్లతో. నా వైపు తిరిగి, "నిన్ను క్షమించడం తర్వాత. ముందు ఆ చివరి అక్షరం పాడు, చూద్దాం" అన్నారు.

పాడాను. ముప్పాతిక దాకా వచ్చింది. మిగతాది ఆమె లాగారు.

కేవిటీ ఉండటం వల్ల, లివర్ వల్ల, మొత్తం తొమ్మిది నెలలు మాత్రలు మింగాను. కోర్సు పూర్తయింది. షుగర్ అదుపులో ఉంది. కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉంటుంది, పరుగెడితే ఆయాసం వస్తుంది. వార్తాపత్రిక ఇప్పటికీ నేనే చేస్తున్నాను. పెట్టెలో పేర్లు మాత్రమే ఉంటాయి, అవీ ఆ మనిషికి స్వయంగా ఫోన్ చేసి అడిగాకే. కొందరు వద్దంటారు. అప్పుడు ఆ పేరు నా దగ్గరే ఉంచుకుని ప్రార్థిస్తాను. తెరేజమ్మ గారిని మొన్న అడిగాను. "రాయి, కానీ వేళ్లు అని రాయకు" అన్నారు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీకు ఈ జబ్బు వచ్చి నర్స్ పేర్లు అడిగితే, ఏ పేరు చెప్పడానికి మీకు నోరు రాదో ఆ పేరు ముందు చెప్పండి. స్పెల్లింగ్‌తో సహా.